రోడ్డు – దారి: ఒక దిద్దుబాటు

అధ్యాపకవృత్తిలో ప్రవేశించిన తొలినాళ్ళలో నేను చేసిన ఒక దిద్దుబాటును గురించి ఈ నాలుగు మాటలు. పొరపాటు చిన్నదే. కాని పర్యాయపదాలను గూర్చి అది నేర్పిన పాఠాన్ని నేటికీ మరువలేదు.

ఆ రోజుల్లో విద్యార్థుల వ్యాసాలలో ఆంగ్లపదం కనబడితే ఎర్రసిరాతో కొట్టివేసి, పైన తెలుగుమాట వ్రాయడం నాకు నియమం. ఒకనాటి ఉదయం భాషాప్రవీణ తరగతిలో కుంతకుని పర్యాయవక్రతను బోధించాను. కుమారసంభవం పంచమసర్గలో కాళిదాసు శివుని ‘పినాకి’ అనక ‘కపాలి’ అనడంలోని ఔచిత్యాన్ని వివరించాను. పుర్రెను ధరించినవానిని వరించగోరినందుకు పార్వతిపై జాలి చూపే సందర్భంలో, విల్లు ధరించిన వీరుని పేరు పొసగదు కదా! వ్యక్తి ఒక్కడే అయినా ఒక పేరున్న చోట మరొకటి నిలువదని నొక్కిచెప్పి, మధ్యాహ్నం వ్యాసాలు దిద్దడానికి కూర్చున్నాను.

‘మా గ్రామం’ అనే వ్యాసంలో ఒక విద్యార్థి “రెండేళ్ళ క్రితం మా కుటుంబం రోడ్డున పడింది” అని వ్రాశాడు. ‘రోడ్డున’ కొట్టివేసి ‘దారిన’ అని వ్రాశాను. మరునాడు ఆ పిల్లవాడు కాగితం పట్టుకొని వచ్చి, ఎంతో వినయంగా, “మేము దారిన పడలేదండీ గురువుగారూ, రోడ్డునే పడ్డాం” అన్నాడు. ఊరి నడుమ రోడ్డు వెడల్పు చేసినప్పుడు వారి ఇంటి ముందుభాగమూ, అందులో తండ్రి నడుపుకొనే కిరాణాకొట్టూ పోయాయట.

దారిన పడటమంటే మన వాడుకలో కుదుటపడటం, బాగుపడటం. నా ఎర్రసిరా ఒక్క గీతతో ఆ కుటుంబపు కష్టాన్ని భాగ్యంగా మార్చివేసింది. ఉదయం చెప్పిన పాఠం సాయంత్రానికి నాకే గుర్తులేకపోయింది.

నాటినుండి ఈ పదాలను గమనిస్తూ వచ్చాను. అమరసింహుడు భూమివర్గంలో మార్గానికి పన్నెండు పేర్లు చెప్పాడు. పదవి, పద్ధతి, సరణి అందులోనివే. తెలుగులో పదవి అధికారస్థానమైంది, పద్ధతి విధానమైంది. వాటిపై బండి తోలేవారు లేరు. దేశ్యాల స్థితీ ఇట్టిదే. గోదావరి ప్రాంతపు పుంత, గుంటూరు సీమ డొంక పొలాలకు బండ్లు పోయేవి. కాలిబాట అడుగులు పడి ఏర్పడేది. తెలంగాణలో తొవ్వ అంటారు. బతుకుకు మాత్రం ‘తెరువు’ అనే మాటే కావాలి.

ఆంగ్లంలో ‘రోడ్’ శబ్దం తొలుత స్వారి, ప్రయాణం అనే అర్థాలలో ఉండి, 16వ శతాబ్ది చివరికి మార్గవాచకంగా వాడుకలోకి వచ్చింది. దానికి పర్యాయంగా చెప్పే ‘స్ట్రీట్’ లాటిన్ మూలార్థాన్ని బట్టి రాళ్ళు పరచిన బాట. ‘వే’ అనేది మన ‘వహ’ ధాతువుకు జ్ఞాతి. తెలుగులో రోడ్డు ప్రధానంగా కంకర పరచి, తారు పోసి, సర్కారు వేసిన బాటకు పేరైంది. అది అందరిదీ, ఎవరికీ ఇల్లు కానిది. అందువల్లనే నిలువనీడ పోగొట్టుకోవడం రోడ్డున పడటమైంది. ఇంటి తగవు నలుగురిలోకి రావడం రోడ్డుకెక్కడమైంది. దారి శబ్దానికి గమ్యాకాంక్ష ఉంది. ‘ఎక్కడికి?’ అనే ప్రశ్న దానిని వెన్నంటి ఉంటుంది. కాబట్టి దారికి రావడం, దారి తప్పడం అనే పలుకుబళ్ళు పుట్టాయి. ఆపదలో ఉన్నవాడు ‘దారి చూపండి’ అని వేడుకొంటాడు. ‘రోడ్డు చూపండి’ అనడు.

‘రోడ్డు అన్యదేశ్యం కదా, రహదారి అనవచ్చును’ అని కొందరు మిత్రులు సూచించారు. అందులో కనబడే దారి మన దారి కాదు. పారసీకంలో ‘రాహ్’ అంటే మార్గం. ‘రాహ్‌దారీ’ పూర్వం బాటసారులవద్ద వసూలుచేసే సుంకానికీ, ప్రయాణపు అనుమతికీ పేరు. ఒక అన్యదేశ్యాన్ని తొలగించి మరొకదానిని తెలుగని నమ్మడమే ఇక్కడ జరుగుతున్నది. పైగా ‘రహదారిన పడ్డారు’ అంటే కష్టం ధ్వనించదు.

మరునాడు తరగతిలో నా దిద్దుబాటును నేనే కొట్టివేసి, ఆ విద్యార్థి వాక్యాన్ని యథాతథంగా నల్లబల్లపై వ్రాసి, పర్యాయవక్రతకు ఉదాహరణగా చెప్పాను. తగ్గించిన మార్కులు తిరిగి వేశాను. అప్పటినుండి అన్యదేశ్యాన్ని కొట్టివేయబోయేముందు నేను వ్రాయదలచిన మాటను ఆ వాక్యంలోనే ఉంచి ఒకసారి పైకి చదువుకొంటాను. అర్థం చెడితే కలం పక్కన పెడతాను. వ్యాసాలు దిద్దే సహాధ్యాపకులకు నేను విన్నవించుకొనేది ఇంతే. నిఘంటువు సమానార్థకమన్న పదం, వ్రాసినవాని జీవితంలోనూ సమానార్థకమేనా అని ఒక్కమారు విచారించండి.