పాస్‌పోర్టు ఎవరికుంది?

జీడిమెట్ల పారిశ్రామికవాడలో ఓ చిన్న కంపెనీ. నలభై మందిమి. మందుబిళ్లలు ఒత్తే టాబ్లెట్ మెషిన్లు తయారుచేసేవాళ్లం. ఎగుమతి ఆర్డరు వచ్చిందంటే షెడ్డంతా పండగే. మెషిన్‌ను చెక్కపెట్టెలో బిగించి పంపేశాక అసలు బెంగ మొదలయ్యేది. దాన్ని ఆ దేశంలో నిలబెట్టి, నడిపించి వచ్చేదెవరు?

పెద్ద కంపెనీల్లో ఇందుకో విభాగమే ఉంటుంది. దరఖాస్తులు, ఇంటర్వ్యూలు, వెళ్లబోయే దేశం గురించి శిక్షణ, కుటుంబానికి భత్యం. మా దగ్గర ఓనరు గదిలో టీ చల్లారేలోగా తేలిపోయేది. మొదటి ప్రశ్న, "పాస్‌పోర్టు ఎవరికుంది?" దానికి ఆరు నెలలైనా గడువు మిగిలుండాలి. తర్వాత, "ఇంగ్లిషు ఎవరికొచ్చు?" చివరగా, "పెళ్లికానోడు ఎవడైనా ఉన్నాడా?" ఈ మూడు జల్లెళ్లు దాటి ఒక్కడు మిగిలేవాడు. టికెట్ అతనికే.

ఆ తొందరను నేను తప్పుపట్టను. నలభై మందిలో ఓ మంచి ఫిట్టరు మూడు వారాలు కనిపించకపోతే ఇక్కడ ఇంకో మెషిన్ ఆగిపోతుంది. సర్వీసు పనులు చూసేవాణ్ణి కాబట్టి ఆ గదిలో నేనూ ఉండేవాణ్ణి, నేనూ తలూపేవాణ్ణి.

అలాగే ఓసారి ఉగాండాకు డిప్లొమా చదివిన కుర్రాణ్ణి పంపాం. చురుకైనవాడు, ఇంగ్లిషు గలగలా మాట్లాడతాడు. కంపాలాలో మెషిన్ నడుస్తుంటే ఏదో మోత మొదలైంది. కారణం అంతుపట్టలేదు. చెబితే చేతకానివాడనుకుంటామని నాలుగు రోజులు తనలోనే దాచుకున్నాడు. అక్కడికీ మనకూ రెండున్నర గంటలే తేడా. ఫోను చేసుంటే అరగంటలో తేలేది. ఆ భయం మేం పెట్టిందే. మా షెడ్డులో "తెలియదు" అన్నవాణ్ణి మేమెప్పుడూ మెచ్చుకోలేదు.

మరుసటి ఏడు అదే ఫ్యాక్టరీకి ఓ పెద్ద ఫిట్టరు బయల్దేరాడు. ఇంగ్లిషు నాలుగు ముక్కలే కాబట్టి తోడుగా నేనూ వెళ్లాను. ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి పది రోజుల ముందే వేయించుకోవాలి. టీకా వేశాక ఇచ్చే పసుపు కార్డు లేకుండా తిరిగొస్తే మన దగ్గరే క్వారంటైన్‌లో పెడతారు. నారాయణగూడలో టీకా కోసం వరుసలో కూర్చున్నప్పుడు అతను వేళ్లమీద తేదీలు లెక్కపెట్టుకుంటున్నాడు. ఎందుకని నేను అడగలేదు.

కంపాలాలో దిగాక ముందు తనే చీపురు పట్టి నేల ఊడ్చాడు. శుభ్రమైన గుడ్డ పరిచి, మెషిన్‌లో బిగించాల్సిన 27 పై పంచ్‌లు, 27 కింది పంచ్‌లు, 27 డైలు వరుసగా పేర్చాడు. ఒక్కోదాని అంచు వేలితో తడిమి చూశాడు. ఆ తర్వాత స్పానరు తీసి అక్కడి ఆపరేటరు చేతిలో పెట్టి, తను పక్కన నిలబడ్డాడు. ఆ అబ్బాయి మరీ బిగిస్తుంటే మణికట్టు పట్టి ఆపేవాడు. సరిగ్గా కుదిరితే తలూపేవాడు. తనకే అర్థంకాని చోట క్షణం ఆలస్యం చేయకుండా జీడిమెట్లకు ఫోను. "అన్నా, నాకు సమజైతలేదు, జర చెప్పు." మేం తిరిగొచ్చేనాటికి అక్కడివాళ్లే మెషిన్‌ను నడుపుకుంటున్నారు.

తిరుగు విమానంలో అన్నాడు, "మా అమ్మకు కండ్ల ఆపరేషన్ ఉండె సార్. నేను ఇటు వస్తున్ననని వాయిదా వేసుకున్నది."

"ముందే చెప్పొచ్చు కదా!"

"మీరు అడగలే గద సార్."

ఆ గొంతులో నిష్ఠూరం లేదు. అందుకే ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు.

చిన్న కంపెనీలో ఎవరి కూతురు ఏం చదువుతోందో, ఎవరింట్లో ఎవరికి బాగాలేదో ఓనరుకు తెలుస్తుంది, మనసుపెట్టి పలకరిస్తే. పెద్ద కంపెనీలు ఫారాలు నింపించి తెలుసుకునే సంగతులు మనకు టీ తాగే వేళ దొరుకుతాయి. అయితే ఆ దగ్గరితనమే నోరు కట్టేస్తుంది కూడా. రోజూ చూసే ముఖాన్ని చూస్తూ "నేను పోను" అనడం ఎవరికైనా కష్టం. మనుషులను ఎంచేటప్పుడు మేం మరిచింది ఇదే.

చిన్న కంపెనీలు నడుపుతున్నవారికి నాదో మనవి. పాస్‌పోర్టు సంగతి తర్వాత చూడండి, లేకపోతే తత్కాల్‌లో తెప్పించుకోవచ్చు. తెలియనిది తెలియదని చెప్పగలిగినవాణ్ణి వెతకండి. అతణ్ణి పిలిచి, "నువ్వెళ్తే ఇంట్లో ఎవరికి ఇబ్బంది?" అని అడగండి. ఇంట్లో మాట్లాడుకోవడానికి రెండు రోజులివ్వండి. "ఈసారి కుదరదు సార్" అంటే ఆ మాటను అతని జీతం మీదికి రానివ్వకండి. వెళ్తానంటే రోజు భత్యం ఎంతో, తిరిగొచ్చే తేదీ ఏదో కాగితం మీద రాసివ్వండి. ఆ తేదీ అతని ఇంటి క్యాలెండరు మీదికి ఎక్కాలి.