ఎల్లోరా దర్శనము

“దైవదర్శనమునకైనచో వెళ్లవచ్చును, రాళ్లను జూచుటకై స్త్రీలకు ప్రయాణమేల?” యని మాలో పెద్దలందురు. ఎల్లోరా చెంతనే ఘృష్ణేశ్వర జ్యోతిర్లింగ ముండుటచే అనుమతి సులభమయ్యెను. సికింద్రాబాదునుండి ఏడుగురము రైలెక్కితిమి.

2023 వరకు ఔరంగాబాదనబడిన ఛత్రపతి శంభాజీనగరమున ఉదయము దిగి, ఔరంగజేబు పత్ని దిల్‌రస్ బానూ సమాధియగు బీబీకా మక్బరాను జూచి, మధ్యాహ్నమునకు ఎల్లోరా చేరితిమి. అచ్చట బౌద్ధ గుహలు 12, హిందూ గుహలు 17, జైన గుహలు 5 కలవు.

8వ శతాబ్దమున రాష్ట్రకూట ప్రభువగు మొదటి కృష్ణుని కాలమున కైలాసాలయమును ఒకే కొండయందు పైనుండి క్రిందికి దొలిచిరి. పేర్చిన రాతిని మార్చవచ్చును. తొలిచిన రాతిని మరల నతుకరాదు. మొదటి ఉలిదెబ్బకు ముందే ఆలయమంతయు శిల్పి మనసున నిలిచియుండవలెను.

సోదరీమణులారా! సంసారమునకు ఇట్టి ముందుచూపే కదా కావలసినది? గడప దాటని కన్నులకు అది యెట్లలవడును? ఏటికొక దినమైనను ఇట్టి దర్శనమునకై దాచుకొనుడు.