ఇటలీ నమూనా బండి, చర్ల రోడ్డు

కాస్త ఇటు జరిగి కూర్చోండి, పొగ అటే మళ్లింది. ఇందాక ఇటలీ వాళ్ల కొత్త నమూనా మోటార్‌సైకిళ్ల సంగతి ఎత్తారు కదా. ఇటలీ నమూనా అనగానే నాకు మాత్రం భద్రాచలం నుంచి చర్ల వైపు పోయే, ‘ఆపే’ అనే మూడు చక్రాల ఆటోనే గుర్తొస్తుంది.

నిజమండీ. ఆ ఆటోకు మూలం ఒక నమూనా స్కూటరే. రెండో ప్రపంచ యుద్ధంలో పాంటెడెరాలోని పియాజియో విమానాల ఫ్యాక్టరీ బాంబులకు ధ్వంసమైంది. విమానాలకు ఇక గిరాకీ లేదు. జనానికి చౌక బండి ఇద్దామని ఆ కంపెనీ యజమాని ఎన్రికో పియాజియో తన ఇంజినీర్లతో ఎంపీ5 అనే నమూనా చేయించాడు గానీ, అది ఆయనకే నచ్చలేదు. అప్పుడు కొరాడినో డాస్కానియోను పిలిచాడు. ఈయన హెలికాప్టర్ల మనిషి. మోటార్‌సైకిలంటే ఒళ్లుమంట. నా లెక్కలో కథంతా ఇక్కడే ఉంది. మోటార్‌సైకిల్ మీద మోజున్నవాడైతే ఉన్నదానికే నగిషీలు చెక్కేవాడు. ఈయన తనకు గిట్టనివన్నీ ఒక్కొక్కటిగా పీకేశాడు.

గొలుసు నూనె బట్టలకంటుతోందా, గొలుసే వద్దన్నాడు. ఇంజిన్‌ను తెచ్చి వెనక చక్రం పక్కనే బిగించాడు. కాలెత్తి ఎక్కడం ఆడవాళ్లకు ఇబ్బందని నడుమ ఖాళీ వదిలాడు. గేరును హ్యాండిల్ మీదికి తెచ్చాడు. పంక్చరైతే చక్రం చటుక్కున ఊడిరావాలని, విమానం చక్రానికి మల్లే ముందు చక్రాన్ని ఒక్క పక్క నుంచే పట్టి నిలిపాడు. విడిగా చట్రం లేదు, రేకు ఒళ్లే బరువు మోస్తుంది. 98 సీసీ. 1946 ఏప్రిల్ 23న పేటెంటుకు పెట్టారు. అదే వెస్పా.

రెండేళ్లకు దాని వెనక రెండు చక్రాలు, ఒక తొట్టి చేర్చితే ఆపే అయింది. మన దేశంలో 1999 నుంచి బారామతిలో తయారవుతోంది. డీజిల్ ఇంజిన్, పెద్ద ఒళ్లు వచ్చాయి గానీ డ్రైవరు చేతిలో ఇప్పటికీ స్కూటర్ హ్యాండిలే.

ఇక మన చర్ల రోడ్డు మీద సంతనాడు చూడండి, కోయ అమ్మలు ఇప్పపువ్వు మూటలతో అందులోనే దిగుతారు. ముందు ఒకే చక్రం కాబట్టి ఇరుకు బాటలోనూ ఇట్టే తిరుగుతుంది. ఆ ఒక్క చక్రంతోనే ప్రమాదమూ ఉంది. వెనక పరిమితికి మించి జనం వేలాడితే ముందు భాగం తేలిపోయి హ్యాండిల్ మాట వినదు. మలుపులో పక్కకు ఒరుగుతుంది. తప్పంతా డ్రైవరుదే అంటే నేనొప్పుకోను. ఆ దారిలోని ఊళ్లకు బస్సు వేళకు రాకపోతే జనం ఇంకేం ఎక్కుతారు?

అందుకే నాకొక కోరిక. రేపు ఆపే కొత్త నమూనా గీసే ఇంజినీరు ముందుగా సంతనాడు భద్రాచలం రావాలి. దుమ్ముగూడెం మీదుగా చర్ల దాకా వెనక చెక్క మీద, ఒళ్లో మూట పెట్టుకుని కూర్చుని వెళ్లాలి. ఆ తర్వాతే పెన్సిలు పట్టాలి.