ఆగివున్న కారుకి ఇన్స్యూరెన్స్ ఎందుకు?

అమెరికాలో కారు నడపడం మొదలుపెట్టి నాలుగేళ్ళు దాటింది. ఒక్క స్పీడింగ్ టికెట్ లేదు, ఎవర్నీ గుద్దింది లేదు. అయినా నా లైసెన్సు సస్పెండ్ అయింది. అదీ ఎప్పుడు? నేను ఖమ్మంలో అమ్మ చేతి పప్పుచారు తింటూ, కారు వర్జీనియాలో అపార్ట్‌మెంట్ పార్కింగులో దుమ్ము కొట్టుకుంటూ ఉన్నప్పుడు :) ఇప్పుడు నవ్వొస్తోంది గానీ అప్పుడు రాలేదు.

సంగతేంటంటే, 2024 అక్టోబరులో వీసా స్టాంపింగుకని మూడు వారాల సెలవు పెట్టి ఇండియా వెళ్ళా. ఇంటర్వ్యూ అయ్యాక చేతిలో 221(జి) కాగితం పెట్టి పంపారు. ఆ కాగితం పేరు వినని హెచ్1బి వాళ్ళు ఉండరు కాబట్టి వివరించను. మూడు వారాలు కాస్తా నాలుగు నెలలయ్యాయి. చివర్లో జీతం లేని సెలవు. ఒక రాత్రి కూర్చుని ఖర్చుల లిస్టు రాసా. జిమ్ము తీసేసా, ఫోను ప్లాను తగ్గించా, అదే ఊపులో కారు ఇన్స్యూరెన్సు కూడా కాన్సిల్ కొట్టేసా. నడపని కారుకి ఇన్స్యూరెన్సెందుకు? లాజిక్ కరెక్టే కదా!

అక్కడే తప్పులో కాలేసా. మన దగ్గర 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం బండిని రోడ్డెక్కించాలంటే థర్డ్ పార్టీ ఇన్స్యూరెన్సు ఉండాలి. ఇంట్లో మూలనపడ్డ స్కూటరుకి రెన్యూ చెయ్యకపోతే ఎవరూ ఉత్తరాలు రాయరు. వర్జీనియాలో లెక్క వేరు. బండికి రిజిస్ట్రేషన్ ఉన్నన్నాళ్ళూ, కదిలినా కదలకపోయినా, ఇన్స్యూరెన్సు ఉండి తీరాలి. వద్దనుకుంటే ముందు నంబరు ప్లేట్లు డీఎంవీకి సరెండర్ చేసి, ఆ తర్వాతే పాలసీ ఆపాలి. అంతకుముందు 500 డాలర్లు కట్టి ఇన్స్యూరెన్సు లేకుండానే తిరిగే వెసులుబాటు ఒకటి ఉండేది. 2024 జూలై 1 నుంచి దాన్నీ ఎత్తేశారు.

పాలసీ ఆగిపోగానే కంపెనీ ఆ కబురు డీఎంవీకి చేరవేస్తుంది. డీఎంవీ "ఏం బాబూ, ఇన్స్యూరెన్సు ఉందా?" అని ఉత్తరం రాస్తుంది. ఆ ఉత్తరం మా రూమ్మేటు భద్రంగా పేర్చిపెట్టిన పిజ్జా కూపన్ల మధ్య హాయిగా పడుకుంది.

ఫిబ్రవరి చివర్లో తిరిగొచ్చా. మర్నాడు పొద్దున్నే ఫోన్లో ఓ కొత్త పాలసీ కొనేసి, ఆఫీసుకని తాళం తిప్పితే బ్యాటరీ డెడ్. జంప్ స్టార్ట్ ఇచ్చేవాడి కోసం చూస్తూ టపా కట్ట విప్పా. అందులో ఉంది సస్పెన్షన్ నోటీసు. సస్పెండైన లైసెన్సుతో నడుపుతూ దొరికితే అది ట్రాఫిక్ టికెట్ కాదు, క్రిమినల్ కేసు. నాలుగు నెలలు తపస్సు చేసి తెచ్చుకున్న వీసా గుర్తొచ్చి ఒళ్ళు చల్లబడింది. ఆ బ్యాటరీకి ఈ జన్మంతా రుణపడి ఉంటా.

లైసెన్సు తిరిగి రావాలంటే 600 డాలర్ల ఫీజు, మూడేళ్ళ పాటు ఎస్సార్-22. ఇది ఇన్స్యూరెన్సు కాదు. "ఇతనికి మా దగ్గర పాలసీ ఉంది, ఆగిపోతే మీకు చెప్తాం" అని కంపెనీ రాష్ట్రానికి ఇచ్చే హామీ. మన భాషలో చెప్పాలంటే నా మీద మూడేళ్ళు నడిచే మానిటరింగ్ జాబ్. ఒక్కసారి ఫెయిలైతే అలర్ట్ వెళ్తుంది, లైసెన్సు మళ్ళీ పోతుంది. నేను పొద్దున కొన్న కంపెనీ ఎస్సార్-22 ఫైల్ చెయ్యమంది. ఇంకొకటీ కుదరదంది. మూడోది ఒప్పుకుంది. పాతది ఆరు నెలలకి 640 డాలర్లు, ఇది 1,510.

సెప్టెంబరులో రెన్యువల్ వచ్చింది. పెద్దగా తగ్గలేదు. మా రూమ్మేటుకి జాలేసింది.

"ఒరేయ్ మావా, కారు నా పేరు మీదకి మార్చేయ్. నా పాలసీలో పెడతా. నీ పేరు చెప్పం. నువ్వు సొంత కారు లేనివాళ్ళకిచ్చే నాన్-ఓనర్ పాలసీ చవగ్గా తీసుకుని దాని మీద ఎస్సార్-22 నడిపించుకో."

డిజైన్ బావుంది. రెండ్రోజులు నిజంగానే ఆలోచించా. ఏడాదికి పదిహేను వందల డాలర్లు మిగులుతాయి, చెల్లి పెళ్ళి ఖర్చులు దగ్గర్లోనే ఉన్నాయి. కానీ ఎడ్జ్ కేసు చూడకుండా కోడ్ మెర్జ్ చెయ్యం కదా! ఒకే ఇంట్లో ఉండే లైసెన్సున్న వాళ్ళందరి పేర్లూ అప్లికేషన్లో అడుగుతారు. అక్కడ వాడు నా పేరు దాచాలి. రోజూ నడిపే కారుకి నాన్-ఓనర్ పాలసీ వర్తించదు. రేపు నేనెవర్నైనా గుద్దితే, దాచిపెట్టారంటూ కంపెనీ చేతులెత్తేస్తే, నాతో పాటు వాడూ ఇరుక్కుంటాడు. నా పొదుపుకి వాడి సంతకం పూచీ అన్నమాట. ఉత్తరాలు తెరవలేదని వాణ్ణి మనసులో ఎన్నిసార్లు తిట్టుకున్నానో నాకే తెలుసు. వాడేమో నా కోసం అబద్ధం చెప్పడానికి రెడీ అయ్యాడు.

"వద్దురా" అన్నా. పూర్తి ప్రీమియం కట్టా.

డిసెంబరులో చెల్లి పెళ్ళికి మళ్ళీ ఇండియా వెళ్ళా. ఈసారి పాలసీ ముట్టుకోలేదు. ఏజెంటుకి ఫోన్ చేసి అడిగితే, కారుకి లోన్ లేదు కాబట్టి లయబిలిటీ అలాగే ఉంచి కొలిజన్ తీసేస్తానంది. బిల్లు కొంత తగ్గింది. మొదటిసారే ఈ ఒక్క ఫోన్ చేసుంటే ఇంత కథ ఉండేది కాదు.

2028 మార్చి దాకా నా ఎస్సార్-22 నడుస్తుంది. మీలో ఎవరైనా స్టాంపింగుకి బయల్దేరుతుంటే, ఇన్స్యూరెన్సు ఆపే ముందు మీ రాష్ట్రం రూలు చూసుకోండి. మెయిల్‌బాక్స్ తాళం రూమ్మేటుకి ఇచ్చి ఊరుకోకండి, డీఎంవీ కవరు కనిపిస్తే చింపి ఫోటో పంపమని చెప్పి వెళ్ళండి. మా వాడిప్పుడు పిజ్జా కూపన్లు కూడా ఫోటో తీసి పంపిస్తున్నాడు.