మెరుగు పెట్టబోయే ముందు

మర్హూమ్ మా తండ్రిగారు మాకు విడిచి వెళ్ళిన ఆస్తి స్వల్పం. అందులో 1998 నాటి ఎర్రని మారుతి 800 కారు ఒకటి. ఇరవై అయిదేండ్లకు పైగా కర్నూలు ఎండను భరించిన ఆ కారు ఎరుపు క్రమంగా వెలిసి, ఇటుకపొడి చల్లినట్లు పాలిపోయింది. గత డిసెంబరులో మా చెల్లెలి నిఖా నిశ్చయమయినప్పుడు, పెండ్లికూతురిని ఆ కారులోనే సాగనంపాలని మా అమ్మ కోరింది. కారుకు మెరుగు పెట్టాలన్న మా పూనికకు అదే కారణం.

మేము సాహిత్యం చదివినవారమే గాని రంగుల సంగతి ఎరిగినవారము కాము. అయినప్పటికీ రంగుల దుకాణానికి వెళ్ళి, రబ్బింగు కాంపౌండులలో మిక్కిలి గరుకైనది ఏదో అడిగి దానినే కొన్నాము. ఎంత గరుకైతే అంత త్వరగా పని ముగుస్తుందని మా తర్కం. బఫింగు మిషను ఒకటి అద్దెకు తెచ్చి, దానికి ఉన్ని ప్యాడు తగిలించి, మిట్టమధ్యాహ్నపు ఎండలో బానెట్టు మీద ప్రయోగించాము. మొదట అద్భుతమనిపించింది. ప్యాడు సాగిన మేరకు పాత ఎరుపు నిగనిగలాడుతూ బయటపడింది. కాని బానెట్టు అంచుకు వచ్చేసరికి, మేము ఇంకా సంతోషంలో ఉండగానే, ఎరుపు మాయమై దాని కింది బూడిదరంగు ప్రైమరు వేలెడు పొడవున తేలింది.

చేసిన తప్పు దిద్దించుకోవడానికి ఊరి చివర ఉన్న ఒక షెడ్డుకు కారును తీసుకొనిపోయాము. ఉస్తాదు ఊళ్ళో లేడు. లోపలి నుండి చేతులు తుడుచుకుంటూ వచ్చిన యువకుని చూచి నిశ్చేష్టులమయ్యాము. అతడు మా కళాశాల రెండవ సంవత్సరం విద్యార్థి. కాదు, విద్యార్థిగా ఉండినవాడు. జూలై మాసంలో, తరగతికి ఆలస్యంగా వస్తున్నాడనీ, వ్యాసంలో అక్షరదోషాలు అనేకం ఉన్నాయనీ, అరవైమంది ఎదుట అతనిని నిలబెట్టి మేము పరుషంగా మాట్లాడాము. మరుసటి దినం నుండి అతడు రాలేదు. అలాంటివారు మానివేయడం మామూలేనని అనుకొని, అతని పేరు ఎదుట సున్నాలు చుట్టుతూ పోయాము.

అతడు సలాం చేసి, బానెట్టు చూచి, “ఏ కాంపౌండు వాడినారు సార్?” అని మాత్రం అడిగాడు. చెప్పాము. నవ్వలేదు. “ముందు నున్నటిదానితో చూడాల్సింది సార్. చాలకపోతేనే గరుకుది. గరుకుది ముందు పెడితే వెనక్కి రాలేము,” అన్నాడు.

ఆ దినం అతడు మాకు చెప్పిన పాఠాన్ని యథాశక్తి ఇక్కడ పొందుపరుస్తున్నాము. కాంపౌండు రంగుకు మెరుపును చేర్చదు. అందులోని అల్యూమినియం ఆక్సైడు వంటి గట్టి పదార్థపు సూక్ష్మరేణువులు రంగు పైపొరను గీకి తీసివేస్తాయి. ఎత్తుపల్లాలు సమమైనప్పుడు వెలుతురు చెదరక తిరిగి వస్తుంది. దానినే మనం మెరుపు అంటున్నాము. కాబట్టి ప్రతి మెరుగూ ఒక నష్టమే. కారు మీది రంగుపూతలన్నీ కలిపి సాధారణంగా మిల్లీమీటరులో పదవ వంతుకు కొంచెం అటూ ఇటూగా ఉంటాయి. ఈనాటి కార్లకు రంగు మీద వేసే పారదర్శకమైన క్లియర్‌కోటు తలవెంట్రుక మందం కూడా ఉండదు. అంచులయందు, మడతలయందు పూత మరింత పలుచన. కనుకనే అక్కడ కాగితపు టేపు అంటించి పని మొదలుపెట్టాలి.

కాంపౌండును ఎన్నుకొనే ముందు పూత ఏ జాతిదో తెలుసుకోవాలి. అతడు తెల్లని గుడ్డకు కొంచెం కాంపౌండు రాసి తలుపు మూలన రుద్దాడు. గుడ్డ ఎర్రబడింది. అనగా పైన క్లియర్‌కోటు లేదు, రంగే పైపొర. గుడ్డకు రంగు అంటకపోతే పైన క్లియర్‌కోటు ఉన్నదని ఊహించవచ్చు. ఆ క్లియర్‌కోటే ఎండకు పొలుసులుగా లేచిపోయి ఉంటే ఏ కాంపౌండూ దానిని తిరిగి తేలేదు. కొత్తగా రంగు వేయవలసిందే.

ప్యాడును బట్టి కూడా కాంపౌండు గుణం మారుతుంది. ఒకే కాంపౌండు ఉన్ని ప్యాడు మీద ఎక్కువగా కోస్తుంది, మెత్తని స్పాంజి మీద తక్కువగా కోస్తుంది. ఒకే ఇరుసు మీద తిరిగే మిషను ఒకచోట నిలిపితే వేడెక్కి రంగును కాలుస్తుంది. తిరుగుతూనే అటూ ఇటూ ఊగే మిషను నేర్చుకొనేవారికి క్షేమకరం. కొన్ని కాంపౌండులలోని రేణువులు రుద్దేకొద్దీ చితికి సన్నబడతాయి. వాటితో పని నడుమ ఆపితే గీతలు మిగులుతాయి. మరికొన్నింటిలోని నూనెలు గీతలను తొలగించక కప్పివేస్తాయి. సాయంత్రం అద్దంలా ఉన్నది రెండు కడుగులకే మరల గీతలమయం అవుతుంది. ఆ మోసం పట్టుకోవడానికి నీరు కలిపిన ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి చూడాలి. ఇవన్నీ కారు మొత్తం మీద గాక, నీడలో, చల్లబడిన రేకు మీద, మూరెడు స్థలంలో ముందుగా పరీక్షించాలి.

అతడు ఆ విధంగానే పరీక్షించి, మధ్యరకం కాంపౌండును స్పాంజి ప్యాడుతో వాడి, ఆపైన నున్నటి పాలిషుతో ముగించాడు. డ్రైవరు తలుపు వద్దకు వచ్చి ఆగాడు. పిడి చుట్టూ లోతైన గీతలు ఉన్నవి. గోరు పెట్టి చూచి, “గోరు తగులుతోంది సార్. ఇంత లోతువి పోవాలంటే రంగంతా పోతుంది. చేయమంటారా?” అని అడిగాడు. అవి మా తండ్రిగారి వెండి ఉంగరపు గీతలు. తలుపు తీసిన ప్రతిసారీ ఆ ఉంగరం అక్కడ ఒరిసేది. ఉండనీయమన్నాము.

కూలి ఇవ్వబోగా అతడు వద్దన్నాడు. బలవంతం మీద తీసుకున్నాడు. అప్పుడు, ఎంతో ఆలోచించి గాక, ఉన్నపాటున, “జూలైలో మేము అన్నమాట తప్పు,” అన్నాము. అతడు తలవంచుకొని, తండ్రికి పక్షవాతం వచ్చిన తరువాత రాత్రి పది వరకూ షెడ్డులో పనిచేయవలసి వచ్చిందనీ, వ్యాసం రాసింది ఆ తరువాతనేననీ చెప్పాడు. ఒక్క ప్రశ్న అడిగి ఉంటే జూలైలోనే మాకు తెలిసేది. మేము అడగలేదు. మూరెడు స్థలంలో పరీక్షించకుండానే గరుకుదానిని ఎత్తుకున్నాము.

ప్రిన్సిపాలుగారి అనుమతితో అతడు జనవరి నుండి మరల తరగతికి వస్తున్నాడు. అతని వ్యాసాలలో అక్షరదోషాలు నేటికీ ఉన్నవి. కాని వాటిని ఒక్కొక్కటిగా, అతని బల్ల వద్ద కూర్చుండి దిద్దుతున్నాము. ఈ సంచిక అచ్చయ్యేనాటికి అతని పరీక్షా ఫలితాలు రావు కనుక, కథను సుఖాంతం చేయగల స్థితిలో మేము లేము.

సాయంత్రాలు షెడ్డులలో, దుకాణాలలో పనిచేసి చదువుకొనే విద్యార్థులు మన కళాశాలలో ఇతడొక్కడే కాదు. వారి హాజరు విషయంలోనూ, మొదటి గంట తరగతుల విషయంలోనూ కమిటీ పెద్దలు సానుభూతితో ఆలోచించవలసినదిగా మనవి. విద్యార్థులకు మేము చెప్పదగినది ఒక్కటే: మిమ్ములను మేము గరుకుగా రుద్దినట్లయితే, మానివేయక, వచ్చి చెప్పండి.

మా చెల్లెలు ఆ కారులోనే అత్తవారింటికి వెళ్ళింది. బానెట్టు అంచున వేసిన కొత్త రంగు పాతదానితో పూర్తిగా కలవలేదు. కారు ఎక్కబోతూ ఆమె పిడి దగ్గరి గీతలను ఒకసారి చేతితో తడిమింది.