నూనె పోస్తే ఆగిన చప్పుడు



ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా నేను ఈ హాస్టల్లోనే ఉండి చదువుకున్నాను. ఇప్పుడు ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్నాను. మా ఇంట్లో డిగ్రీ పూర్తి చేసిన మొదటివాణ్ణి నేనే. వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమన్నప్పుడు, సాధించినదాని కంటే చేసిన తప్పు చెబితేనే మీకు ఎక్కువ ఉపయోగం అనిపించింది.

మా నాయన రొయ్యల గుంటల దగ్గర కూలికి పోతాడు. తమ్ముడు కోటలో కాలేజీకి పోయి రావడానికి గూడూరులో ఒక పాత గేర్ల సైకిలు కొనిచ్చాడు. డిస్కు బ్రేకులది. నెల తిరక్కముందే వెనక బ్రేకు కీచుమని అరవడం మొదలుపెట్టింది. నేను సెలవులకు ఇంటికి పోతే నాయన, "అబ్బయా, పెద్ద చదువు చదివినోడివి గదా, అదేందో చూడు" అన్నాడు.

తెలియదని చెప్పడానికి నాకు నామోషీ. తలుపు కీచుమంటే అమ్మ కొబ్బరినూనె రాస్తుంది. నేనూ అదే చేశాను. ఎందుకైనా మంచిదని ముందు బ్రేకుకు కూడా నాలుగు చుక్కలు వేశాను. చప్పుడు పోయింది. నాయన ముఖం వెలిగిపోయింది.

మర్నాడు కోటకు వస్తుంటే తమ్ముడికి గేదెలు అడ్డం వచ్చాయి. రెండు బ్రేకులూ నొక్కినా సైకిలు ఆగలేదు. రోడ్డు పక్క కాలవలో పడ్డాడు. మణికట్టు విరిగింది. ఘర్షణ మీద పరీక్షల్లో పేజీలకు పేజీలు రాసిన నేను, ఘర్షణతోనే ఆగే బండికి నూనె పోశాను. "చప్పుడు లేదు గదా, బాగైందనుకున్నా అన్నా" అన్నాడు వాడు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

సైకిలును మెకానిక్ దగ్గరికి తీసుకుపోయాను. ఆయన ఐదో తరగతితో చదువు ఆపేసిన మనిషి. "డిస్కుకి నూనె పోస్తారా అబ్బయా? రెండు బోల్టులు బిగిస్తే పోయేదానికి!" అన్నాడు. ప్యాడ్లను పట్టి ఉంచే క్యాలిపర్ వదులై, ఒక పక్కకు ఒరిగి అదురుతోందట. అరుపు అందుకే.

ఆయన దగ్గర కూర్చుని నేర్చుకున్నది మీకోసం రాస్తున్నాను. క్యాలిపర్ బోల్టులు కొంచెం వదులు చేసి, బ్రేకు పిడి నొక్కిపట్టి, అలాగే మళ్ళీ బిగించాలి. చక్రం తిప్పితే డిస్కు ఎక్కడా రాసుకోకూడదు. డిస్కుకు మురికి పడితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, శుభ్రమైన గుడ్డతో తుడవాలి. వేళ్ళతో తాకకూడదు, చేతి జిడ్డు చాలు దాన్ని పాడుచేయడానికి. ప్యాడ్లు నున్నగా మెరుస్తుంటే ఉప్పు కాగితంతో పైపైన రుద్దాలి. నూనె పీల్చుకున్న ప్యాడ్లు మాత్రం మార్చాల్సిందే. మావి నాలుగూ మార్చాం. గొలుసుకు నూనె వేసేటప్పుడు డిస్కు మీద చుక్క పడకుండా చూసుకోవాలి.

కొత్త ప్యాడ్లు వేశాక, ఖాళీ రోడ్డు మీద వేగం పెంచుతూ, పూర్తిగా ఆగకుండా బ్రేకుతో తగ్గిస్తూ, ఇరవైసార్లు తొక్కాలి. అప్పుడే ప్యాడ్లు డిస్కుకు సరిగ్గా కుదురుకుంటాయి. మన సముద్రపు గాలికీ వానకీ తడిసిన బ్రేకు కాసేపు అరిచినా, రెండు మూడుసార్లు నొక్కితే ఆరిపోయి ఊరుకుంటుంది. ఊరుకోకపోతే మాత్రం కారణం వెతకాలి.

తమ్ముడి చెయ్యి అతుక్కుంది. మళ్ళీ అదే సైకిలు తొక్కుతున్నాడు.

తమ్ముళ్ళారా, మీలో చాలామంది రేపు మీ ఇళ్ళల్లో మొదటి డిగ్రీవాళ్ళవుతారు. ఇంట్లో అందరూ మీకన్నీ తెలుసనుకుంటారు. ఆ నమ్మకం చూసి, తెలియనిది తెలుసన్నట్టు చేయకండి. తెలిసినవాళ్ళ దగ్గరికి పోయి అడగండి. నేను ఆ రోజు ఒక్క మాట అడిగి ఉంటే, మా తమ్ముడి చెయ్యి విరిగేది కాదు.

మీ అన్న