తాడిపత్రోడి ఊరు

నంది కొండల్లో పుట్టిన పెన్నా నది హిందూపురం దగ్గర ఆంధ్రప్రదేశ్‌లోకి వస్తుంది. అనంతపురం సీమంతా తిరిగి తాడిపత్రి దాటాక గండికోట వైపు సాగిపోతుంది. దారి పొడవునా నీళ్లకంటే ఇసుకే ఎక్కువ కనిపించే నది ఇది. ఆ నది ఆంధ్రలో అడుగుపెట్టే చోటికి దగ్గర్లో మా బడి ఉంది. అనంతపురం జిల్లాను వదిలి వెళ్లే చోట మా స్నేహితుడి ఊరు ఉంది.

మా బడి అంటే కొడిగెనహళ్లి మగపిల్లల గురుకుల పాఠశాల. పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్న రోజుల్లో, 1971లో నల్గొండ జిల్లా సర్వేల్‌లో మొదటి గురుకులం మొదలైంది. మరుసటి ఏడాది కోస్తాకు తాడికొండ, రాయలసీమకు కొడిగెనహళ్లి వచ్చాయి. పదో తరగతి ఫలితాల రోజు పేపర్లో ర్యాంకుల పక్కన ఈ ఊళ్ల పేర్లు చూసిన గుర్తు ఆ తరం వాళ్లందరికీ ఉంటుంది. ప్రవేశ పరీక్ష నెగ్గితే చాలు, చదువూ తిండీ పక్కా అన్నది అప్పట్లో సీమ పల్లెల్లో పెద్ద కబురు. వేరుశనగ పండని ఏడాది ఇంట్లో ఒక కంచం తగ్గడమంటే మాటలు కాదు!

పేరుకు బదులు ఊరు

మా తరగతిలో శ్రీనివాసులు నలుగురు, రామాంజనేయులు ముగ్గురు. పేరుపెట్టి పిలిస్తే నలుగురూ వెనక్కి తిరిగేవాళ్లు. అందుకే చేరిన నెలలోనే పేర్లు పోయి ఊళ్లు మిగిలాయి. ఆదోని, పులివెందుల, మదనపల్లె, కదిరి... అలా తాడిపత్రి నుంచి వచ్చినవాడు తాడిపత్రోడయ్యాడు.

పొట్టిగా, చురుగ్గా ఉండేవాడు. వాళ్ల నాయన బండల పాలిష్ ఫ్యాక్టరీలో కూలీ. వీడి ట్రంకు పెట్టెలో బట్టల అడుగున నున్నగా పాలిష్ చేసిన నల్లబండ ముక్క ఒకటి ఉండేది. స్టడీ అవర్లో సుద్దముక్కతో లెక్కలన్నీ దాని మీదే చేసేవాడు. నోటు పుస్తకాలు మాకు రెండు నెలలొస్తే వాడికి నాలుగు నెలలొచ్చేవి. రాత్రి లైట్లు ఆర్పాక ఊరి కబుర్లు మొదలుపెట్టేవాడు. "మా ఊళ్లో శివలింగం కింద నీళ్లు ఊరతాంటాయి. ఎండాకాలం గూడా ఆగవు" అనేవాడు. "మా బావే ఎండిపాయ, మీ లింగం కింద నీళ్లెట్లొస్తాయిరా?" అని పులివెందుల ఎగతాళి చేసేవాడు. "మీరొచ్చినప్పుడు చూపిస్తాలే" అన్నది వాడి జవాబు.

1988 మార్చిలో గ్రూపు ఫొటో తీయించుకున్నాం. సార్లు కుర్చీల్లో, పొడుగు పిల్లలు బెంచీల మీద, పొట్టివాళ్లు నేల మీద. రంగురంగుల కాగితాల ఆటోగ్రాఫ్ పుస్తకాలు చేతులు మారాయి. పరీక్షలయ్యాక హిందూపురం బస్టాండులో ట్రంకు పెట్టెలు బస్సుల పైకెక్కాయి. ఎవరి బస్సు వాళ్లది.

తాడిపత్రోడు ఇంటర్‌లో చేరాడు గానీ నాయన మంచం పట్టడంతో మానేసి అదే పాలిష్ ఫ్యాక్టరీలో పనికి వెళ్లాడు. తర్వాత సొంతంగా మిషను పెట్టుకున్నాడు. ఫోన్లలో గ్రూపులు వచ్చాక మేమంతా మళ్లీ కలిశాం. ఏటా జనవరిలో ఒక్కొక్కరి ఊళ్లో కలుసుకోవాలని అనుకున్నాం. తాడిపత్రి వంతు రాకముందే, 2021లో కరోనా రెండో విడతలో వాడు పోయాడు. "మనిషి లేకపోయినా ఊరుంది గదా, జాబితాలోంచి తీసేయొద్దు" అన్నాడు ఆదోని. అలా ఈ జనవరిలో పదకొండు మందిమి తాడిపత్రి చేరాం.

ఊట నిజమే

అనంతపురం నుంచి తాడిపత్రికి సుమారు 55 కిలోమీటర్లు. గుంతకల్లు-రేణిగుంట రైలు మార్గంలో ఉండటంతో రైళ్లకూ కొరత లేదు. ఊరు దగ్గర పడుతుండగానే రోడ్డుకు రెండు వైపులా నిలబెట్టిన బండల వరుసలు కనిపిస్తాయి. మన ఇళ్లలో నేల మీద పరుచుకునే నాపరాళ్లలో చాలా వరకు ఈ చుట్టుపక్కల నుంచే వస్తాయి. ఆ సున్నపురాయే ఇక్కడికి సిమెంటు ఫ్యాక్టరీలనూ తెచ్చింది. కోత మిషన్ల కింద నీళ్లు ధారగా పడుతుంటాయి. బూడిద రంగు బురద కాలవలు కట్టి పారుతుంటుంది.

ఫ్యాక్టరీ బోర్డు మీద రాసిన పేరు చదివి ఒక్క క్షణం ఎవరిదా అనుకున్నాం. వాడిదే! మాకు తాడిపత్రోడిగానే తెలుసు మరి. ఇప్పుడు దాన్ని వాళ్లబ్బాయి చూసుకుంటున్నాడు. "వచ్చినారా పెదనాయనా" అంటూ ఎదురొచ్చాడు. ఉగ్గాని, బజ్జీ తినిపించి మమ్మల్ని గుళ్లకు తీసుకెళ్లాడు.

బుగ్గ రామలింగేశ్వరాలయం పెన్నా ఒడ్డునే ఉంది. విజయనగర రాజుల కాలంలో, గండికోటను ఏలిన పెమ్మసాని నాయకులు కట్టించిన గుడి ఇది. బుగ్గ అంటే ఊట. గర్భగుడిలో లింగం అడుగున నీళ్లు ఉబికి వస్తూనే ఉన్నాయి. బయట నదిలో ఇసుక మధ్య సన్నటి పాయ, లోపల దేవుడి కింద ఊట! పులివెందుల వంగి ఆ నీళ్లను కళ్లకద్దుకున్నాడు. "వాడు అబద్ధం చెప్పలేదప్పా" అని మాత్రం అన్నాడు. ఆ తర్వాత చాలాసేపు ఎవరం మాట్లాడలేదు.

ఈ గుడి గోపురాలను పైదాకా కట్టకుండానే ఆపేశారు. అయినా కట్టినంత మేరా అంగుళం ఖాళీ లేకుండా శిల్పమే. 1876లో భారతీయ వాస్తుశిల్పంపై పెద్ద గ్రంథం వెలువరించిన జేమ్స్ ఫెర్గూసన్ ఈ గోపురాల పనితనాన్ని ప్రత్యేకంగా మెచ్చుకున్నాడు. బండ కోసే పని ఈ ఊరికి మిషన్లతో వచ్చింది కాదని వీటిని చూస్తే అర్థమవుతుంది.

ఊళ్లో ఉన్న చింతల వెంకటరమణస్వామి ఆలయాన్ని పెమ్మసాని తిమ్మనాయుడు కట్టించాడు. చింతచెట్టు తొర్రలో దేవుడు దొరికాడని స్థానికులు చెప్పుకుంటారు. రాతిరథంలా మలిచిన గరుడ మండపం చూడ్డానికే ఒక పూట పడుతుంది. గోడల మీద రామాయణ, భాగవత కథలు వరుసగా ఉన్నాయి. పిల్లల్ని తీసుకెళ్తే కథ చెబుతూ చుట్టూ తిరగొచ్చు.

ఫొటోలో ఆ ఒక్కడు

మధ్యాహ్నం వాళ్లింట్లో జొన్నరొట్టె, గుత్తివంకాయ కూర, శనక్కాయల పొడి. భోజనాలయ్యాక ఆ అబ్బాయి గోడ మీది గ్రూపు ఫొటో దించి మా ముందు పెట్టాడు. "ఎవరెవరో రాసియ్యండి పెదనాయనా, మా పిల్లోళ్లకు గూడా తెలియల్ల" అన్నాడు.

ఫొటో కింద పేర్లు అచ్చు వేయించలేదు. సార్ల పేర్లు చకచకా చెప్పేశాం. పిల్లల దగ్గరికొచ్చేసరికి ఊళ్లు గుర్తొచ్చాయి గానీ ఇంటిపేర్లు, అసలు పేర్లు రాలేదు. ఒకరికి రానిది ఇంకొకరు అందించారు. ఇద్దరి పేర్ల కోసం హైదరాబాదుకు ఫోన్ చేశాం. గంట తర్వాత ఒకడు మిగిలాడు. బెంచీ మీద కుడి చివర, గొంతు దాకా గుండీలు పెట్టుకుని నిలబడ్డ పిల్లాడు. కబడ్డీ బాగా ఆడేవాడని మదనపల్లె, పెరుగు తినేవాడు కాదని కదిరి. ఊరు మాత్రం ఎవరికీ తట్టలేదు.

"ఈయన గుత్తి గదా" అన్నాడు అబ్బాయి.

అందరం తలెత్తి చూశాం. "మా నాయన చిన్నప్పుడు నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకోని ఈ ఫొటో చూపిస్తాండె. ఒక్కొక్కరి మీద వేలు పెట్టి ఊరు చెప్తాండె. అట్లనే నాకు మన సీమలో ఊళ్లన్నీ తెలిసినాయి" అన్నాడు. తర్వాత మా పదకొండు మందినీ ఫొటోలో వేలు పెట్టి చూపించాడు. ఒక్కటీ తప్పలేదు.

2022లో జిల్లాలను విభజించాక మా బడి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లింది. తాడిపత్రి అనంతపురంలోనే ఉంది. సీమలో ఊళ్లు ఏ జిల్లాలోకి మారినా మాకు అవి ఇప్పటికీ మనుషుల పేర్లే. మీ ఇంట్లోనూ ఇలాంటి ఫొటో ఒకటి ఉండే ఉంటుంది. చెప్పగలిగినవాళ్లు ఉన్నప్పుడే దించి, వెనకాల పేర్లు రాయించండి. పేరు తెలియకపోతే ఊరైనా రాయించండి.

మేం అదే చేశాం. కుడి చివరి పిల్లాడి దగ్గర 'గుత్తి' అని రాసి, పక్కన పేరుకు చోటు వదిలాం. తాడిపత్రి నుంచి గుత్తికి రైల్లో గంట ప్రయాణం. వచ్చే జనవరికి అక్కడే కలుద్దామనుకున్నాం. ఆ ఊళ్లో మాకు తెలిసినవాళ్లెవరూ లేరు. ఫొటో పట్టుకుని అబ్బాయి కూడా వస్తానన్నాడు.